ఇల్లు బురద మీద కూర్చున్న ఏడు

నిదానంగా చెబుతాను, నిదానంగానే రాయి జసియారా. నా చదువు రెండో తరగతితో ఆగింది. నీ చేతికి అక్షరం ఎంత తొందరగా వస్తుందో, నా నోటికి మాట అంత ఆలస్యంగా వస్తుంది. మధ్యలో "తర్వాతేమైంది తాతా" అని తరమకు.

మా సరస్సులోంచి నీళ్ళన్నీ వెళ్ళిపోయిన ఏడు సంగతి ఇది. అప్పటికి నువ్వు పుట్టలేదు. మీ అమ్మ ఇవొనెత్‌కి పంతొమ్మిది నిండబోతున్నాయి.

ముందు నా తప్పు చెప్పేస్తాను. చివరిదాకా దాచిపెడితే కథ బాగుంటుందని నీకనిపించవచ్చు. దాచిపెట్టడమే కదా ఆ తప్పు.

జూలైలో, నది నిండుగా ఉండగా, ఇవొనెత్ తన కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో చుట్టి నా చేతికిచ్చింది. పట్నంలో నర్సు పని నేర్పే బడి ఉంది. ఏడాదిన్నర చదువు. వెళ్ళి పేరు రాయించి రమ్మంది. వెళ్ళాను. బడి ముందు పొడుగాటి వరస. వరస చివర నిలబడ్డాను కూడా. కాసేపు నిలబడ్డాక మీ అమ్మమ్మ జుల్మీర చేతులు గుర్తొచ్చాయి. కీళ్ళవాపుతో వేళ్ళు అప్పటికే వంకర తిరిగిపోయాయి. కర్రపెండలం తురమాలన్నా, నీళ్ళు మొయ్యాలన్నా, చిరిగిన వల అల్లాలన్నా ఇవొనెత్తే. ఆ పిల్ల లేని ఇల్లు ఎలా ఉంటుందో ఊహించుకున్నాను. వరసలోంచి పక్కకొచ్చాను. బజారులో వేడి వేడి రొయ్యల పులుసు తాగి, పడవ తిప్పుకుని ఇంటికొచ్చేశాను.

"రాయించావా నాన్నా?"

"రాయించాను తల్లీ. వాళ్ళే పిలుస్తారు."

సంచి నా పడవ ముందు భాగంలో, తాళ్ళ చుట్ట కింద దాచాను. అక్కడే ఉండిపోయింది.

మేం తలుపులు లేని ఇళ్ళలో పెరిగినవాళ్ళం. ఎదురుగా నిలబడి అడిగిన మనిషికి "కాదు" అని చెప్పడం మా అమ్మ నాకు నేర్పలేదు. "చూద్దాం" అంటాం. "రేపు" అంటాం. అడిగినవాడు నవ్వుకుంటూ వెళ్తాడు. ఇద్దరికీ ఆ పూట హాయిగా గడుస్తుంది.

సెప్టెంబరులో పట్నం రేవులో ఆ ఇద్దరూ నా పడవ దగ్గరికొచ్చారు. హాలండు నుంచి వచ్చిన మొగుడూ పెళ్ళాం. ఆయన పేరు యోస్త్. తాటిచెట్టంత మనిషి, ఎండకు ఎర్రగా కమిలిపోయి, దేనికైనా బొటనవేలు పైకెత్తి నవ్వేవాడు. ఆమె పేరు మైకె. పొట్టి జుట్టు, చేతిలో ఒక నోటు పుస్తకం. మా భాష ఇద్దరికీ వచ్చు. ఆమెకు మరీ బాగా వచ్చు, పుస్తకాల్లో నేర్చుకుందట. మాటలన్నీ సరిగ్గానే ఉండేవి, కాకపోతే మేం చుట్టిపెట్టే మెత్తటి గుడ్డ ఉండేది కాదు వాటికి.

"మూడు రోజులు నీ ఇంట్లో ఉంటాం. సరస్సు చూడాలి, గులాబీ డాల్ఫిన్లు చూడాలి. గురువారం సాయంత్రం ఇక్కడ మాకు పెద్ద పడవ ఉంది. ఆ వేళకు తిరిగి రాగలమా? అవునా, కాదా?" అంది మైకె.

రేవు స్తంభం మీద తడి గుర్తు చూశాను. నది రోజుకు జానెడు చొప్పున దిగుతోంది. పెద్ద నదికీ మా సరస్సుకీ మధ్య ఒక్కటే కాలువ. అది మూసుకుంటే మేం సీసాలో చేపలమే.

"ఎందుకు రాలేం తల్లీ! పాడుకుంటూ వస్తాం," అన్నాను.

పక్క పడవలోంచి కిరీనో నా వైపు చూశాడు. కిరీనో మా పొరుగువాడు, ఇవొనెత్‌కి బాప్తిస్మం నాటి జ్ఞానతండ్రి. "బావా, కాలువ చూశావా? నడుం లోతు కూడా లేదు," అన్నాడు, పెదాలు కదపకుండా.

"చూద్దాంలే బావా."

మాది తేలే ఇల్లు, నీకు తెలుసు కదా. పెద్ద దుంగల మీద కట్టింది. నీళ్ళు పెరిగితే తనూ లేస్తుంది, తగ్గితే తనూ దిగుతుంది. ఆ ఇద్దరూ వచ్చిన రోజు కూడా మెల్లగా ఊగుతూనే ఉంది. యోస్త్‌కి అన్నీ నచ్చాయి. ఊయల నచ్చింది, వేయించిన చేప నచ్చింది, కిరీనోతో డామినో ఆట నచ్చింది. మొదటి మధ్యాహ్నం జుల్మీర నన్ను వంటింటి మూలకు పిలిచింది.

"ఏమయ్యా, ఆ అబ్బాయి స్నానం చేశాడా?"

"పొద్దున చేశాడట."

"పొద్దుననా! అయ్యో పాపం," అని ఒక తువ్వాలు, సబ్బుబిళ్ళ తీసుకెళ్ళి నవ్వుతూ అతని ఒడిలో పెట్టింది. అతనికి అర్థమైంది. ఆ తర్వాత రోజుకు మూడుసార్లు సరస్సులో మునిగి, "అమ్మా, ఇప్పుడు వాసన చూడండి!" అంటూ వచ్చేవాడు. జుల్మీర వాణ్ణి కొడుకులా చూసుకుంది.

మైకెకి మాత్రం ఊపిరాడలేదు. పిలవకుండా ఇంట్లోకొచ్చేవాళ్ళు, జుట్టు ముట్టుకుని చూసేవాళ్ళు, మాట్లాడుతూ భుజం మీద చెయ్యి వేసేవాళ్ళు. కిరీనో భార్య రెండో రోజే అడిగింది, "పిల్లలెంతమంది తల్లీ?"

"లేరు."

"దేవుడిస్తాడులే."

"దేవుడి సంగతి కాదు. మాకు వద్దు."

జుల్మీర గబగబా ఆమె కాఫీలో ఇంకో చెంచా చక్కెర వేసింది. ఇవొనెత్ మాత్రం తురుము పీట మీద చెయ్యి ఆపి ఆమెనే చూస్తూ ఉండిపోయింది. "వద్దు" అనే మాటను అంత తేలిగ్గా, కోపం లేకుండా అనడం ఆ పిల్ల ఎప్పుడూ వినలేదు.

బుధవారం నాటికి కాలువలో మోకాలి లోతే మిగిలింది. మైకె కూడా చూసింది. సామాను సర్ది నా ముందుకొచ్చింది.

"ఇవాళే వెళ్దాం. రేపటికి నీళ్ళుండవు."

వెళ్ళి ఉండవలసింది. దిగి తోసుకుంటూ పోతే సాయంత్రానికి పెద్ద నదిలో పడేవాళ్ళం. అంతలో ఇవొనెత్ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"నేనూ వస్తాను నాన్నా. బడిలో అడిగొస్తాను. ఈ నెల దాటి వచ్చే నెలాఖరుకి పేర్లు ఆపేస్తారట. ఇంకా పిలవలేదేంటో."

బడిలో అడిగితే ఏం చెబుతారు? అలాంటి పేరే లేదంటారు.

"మోటారు కాస్త మొరాయిస్తోందమ్మా. బాగుచేసి రేపు తెల్లారేసరికి బయల్దేరదాం," అన్నాను.

మోటారుకు ఏమీ కాలేదు.

గురువారం పొద్దున మెలకువ వచ్చింది గానీ ఎందుకు వచ్చిందో అర్థం కాలేదు. కాసేపటికి తెలిసింది. ఇల్లు ఊగడం లేదు. ముప్ఫై ఏళ్ళుగా ఆ ఊపు లేకుండా నేను నిద్ర లేవలేదు. లేచి నిలబడితే పడమటి వైపుకు తూలాను. ఇల్లు ఒక పక్కకు ఒరిగి బురద మీద కూర్చుంది. బల్ల మీద జుల్మీర పెట్టిన కాఫీ కప్పు మెల్లగా జారుకుంటూ అంచుదాకా పోయింది. ఇవొనెత్ పట్టుకుంది.

రోజూ నిద్ర లేవగానే అడిగినట్టే, కప్పు చేత్తో పట్టుకుని, "దీవించు నాన్నా," అంది.

"దేవుడు నిన్ను దీవించాలి తల్లీ," అన్నాను. బయట కాలువ ఉండవలసిన చోట నల్లటి బురద మెరుస్తోంది.

నిజం చెప్పమన్నావు గనక చెబుతున్నాను. నాకు భయం వేసింది. భయం కింద ఇంకోటి కూడా ఉంది. ఇక ఎవరూ పట్నం వెళ్ళి అడగలేరు. అది గుర్తొచ్చి గుండె కాస్త తేలికైంది.

ఫోన్లు ఆ రోజుల్లో మా దగ్గర లేవు. కిరీనో ఇంట్లో రేడియో ఉంది, అది వినడానికే. కాలువ వెంబడి నడుద్దామంటే అది అప్పుడే తేలిన బురద. కిరీనో దూడ ఒకటి ముప్ఫై అడుగులు పోయి మెడదాకా దిగింది. తాడు వేసే లోపల మునిగిపోయింది. అది చూశాక ఎవరూ నడక మాట ఎత్తలేదు.

బల్ల కాళ్ళ కింద చెక్క ముక్కలు పెట్టాను. పొయ్యి కింద పెట్టాను. ఊయలలు మాత్రం ఏం చేసినా ఏటవాలుగానే వేలాడేవి. మనుషులు పడమటి గోడ వైపుకు జారిపోతూ నిద్రపోయేవారు.

రోజూ పొద్దున మైకె వచ్చి నా ముందు నిలబడేది.

"పడవ ఎప్పుడొస్తుంది?"

"పట్నంవాళ్ళకు తెలుసమ్మా. రేపు ఎవరో ఒకరు వస్తారు."

ఆమె వెళ్ళి నోటు పుస్తకం తీసేది.

సరస్సు మధ్యలో ఒక గుంట మిగిలింది. అందులో చేపలు కుతకుతలాడి తెల్లగా తేలిపోయాయి. వాటి కోసం రాబందులు వచ్చాయి. గాలి తిరిగినప్పుడు అన్నం గొంతు దిగేది కాదు. ఇంటి వెనక గట్టు గట్టి నేలే, తాగే నీళ్ళకు దాని మీదుగా అడవిలో ఊట దగ్గరికి గంట నడక; అడవి దాటి పెద్ద నదికి మాత్రం దారి లేదు. ఇవొనెత్ రెండు డబ్బాలు మోసేది. నాలుగో రోజు నుంచి మైకె కూడా రెండు డబ్బాలు తీసుకుని వెనకాలే బయల్దేరింది. వద్దమ్మా, అతిథివి, అంటే వినలేదు. "నేను కూడా తాగుతున్నాను కదా," అంది.

యోస్త్ నవ్వు మాత్రం రోజురోజుకీ ఎండిపోయింది. రెండు వారాలు కాగానే డామినో బిళ్ళలన్నీ ఒక్క తోపు తోసేశాడు. అవి జరజరా పడమటి గోడకు పోయి తగిలాయి.

"ఇక్కడ అందరూ నవ్వుతారు! అందరూ కావలించుకుంటారు! ఒక్కడు కూడా నిజం చెప్పడు!"

కిరీనో వంగి బిళ్ళలు ఏరుతూ, "నవ్వకపోతే నీళ్ళొస్తాయా నాయనా? వస్తాయంటే చెప్పు, ఇవాళ్టినుంచి అందరం ఏడుస్తాం," అన్నాడు. "కూర్చో. నువ్వు ఓడిపోయే ఆటే కదా, ఎందుకంత కోపం?"

యోస్త్ నవ్వాడు, కానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వచ్చిన కొత్తలో మా వాళ్ళంత మంచివాళ్ళు భూమ్మీద లేరని ఇంటికి రాసుకున్నాడట. ఇప్పుడు ఊయలలో ముఖం గోడవైపు తిప్పుకుని పడుకునేవాడు. నోరు తెరిస్తే ముల్లు గుచ్చినట్టు మాట్లాడిన మైకె, ఊట దారిలో ఇవొనెత్‌తో పాటు గంటలు గంటలు మాట్లాడేది. మనుషులు ఎప్పుడు ఏ వైపు ఒరుగుతారో తెలీదు.

ఊట దగ్గర ఏం జరిగిందో తర్వాత మీ అమ్మే నాకు చెప్పింది. నోటు పుస్తకంలో ఒక పేజీ నిండా నిలువు గీతలు ఉన్నాయట.

"ఇవేంటి?" అని అడిగిందట ఇవొనెత్.

"మీ నాన్న 'రేపు' అన్న ప్రతిసారీ ఒక గీత. ఇవాళ్టికి ఇరవై రెండు."

ఇవొనెత్ పడీపడీ నవ్విందట. నవ్వీ నవ్వీ, నీళ్ళ డబ్బా ఎత్తుకుని, ఇల్లు చేరేదాకా ఒక్క మాట మాట్లాడలేదట. తనకు నేను చెప్పిన మాటలు లెక్కపెట్టుకుంటూ నడిచిందేమో.

అక్టోబరు ఇరవైన ఆ పిల్ల పుట్టినరోజు. కరువైనా కాటకమైనా మా ఇళ్ళలో పుట్టినరోజు ఆగదు. జుల్మీర కర్రపెండలం తురుము, అడవి గింజల పాలు కలిపి కేకు కాల్చింది. వంకర పొయ్యి కదా, కేకు ఒక పక్క నాలుగు వేళ్ళ మందం, ఇంకో పక్క రొట్టెలా పల్చన. పొరుగువాళ్ళందరూ గట్టు వెంబడి చుట్టూ తిరిగి వచ్చారు. చప్పట్లు కొట్టి పాట పాడాం. యోస్త్ కూడా లేచి వచ్చి పాడాడు.

మొదటి ముక్క సంగతి నీకు చెప్పక్కర్లేదు. నువ్వే పోయిన ఏడు ఎవరికివ్వాలో తేలక ఏడ్చావు. పుట్టినరోజు పిల్ల కోసిన మొదటి ముక్క, తనకు అందరికంటే ఎక్కువైన మనిషికి. ఇవొనెత్ చేతికి కత్తి పట్టడం వచ్చిన దగ్గర్నుంచీ ఆ ముక్క నాదే. ఒక్క ఏడూ తప్పలేదు. జుల్మీర కూడా అలవాటు పడిపోయి, "కానీ, మీ నాన్నకిచ్చి రా, మాకాకలేస్తోంది," అనేది.

ఆ రోజు కేకు మందంగా ఉన్న వైపు కోసింది. పళ్ళెంలో పెట్టింది. నేను చేతులు ప్యాంటుకు తుడుచుకుని సిద్ధంగా ఉన్నాను. నా ముందు నుంచి నడుచుకుంటూ వెళ్ళి, గోడ పక్కన నిలబడ్డ మైకె ముందు ఆగి, పళ్ళెం చాపింది.

చప్పట్లు కొట్టేవాళ్ళు ఆగిపోయారు.

మైకె పళ్ళెం చూసి, "వద్దు, థాంక్స్. నాకు ఆకలిగా లేదు," అంది.

కిరీనో భార్య గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంది. యోస్త్ వాళ్ళ భాషలో ఏదో గుసగుసగా తిట్టాడు. జుల్మీర ముందుకొచ్చి, "కొంచెం కొరుకు తల్లీ, ఊరికే నోట్లో పెట్టుకో," అని బతిమాలింది.

"నిజంగా వద్దమ్మా. తీపి నాకు పడదు. ఏం, తప్పా?"

ఇవొనెత్ పళ్ళెం వైపు చూసింది. ఆమె వైపు చూసింది. ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది. వెళ్ళి గుమ్మంలో కూర్చుని, ఆ ముక్క తనే తినడం మొదలుపెట్టింది. మా సరస్సు మీద అలా చేసిన పిల్లను నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. అందరి ముందూ, తొందర లేకుండా, చివరి పొడిదాకా తిని, వేలు నాక్కుంది.

"నాన్నా, జూలైలో నా పేరు రాయించావా?"

"రాయించానమ్మా. పిలు..."

"అవునా, కాదా?"

కింద నేల ఏటవాలుగా ఉంది. ఒక డామినో బిళ్ళ ఎక్కడినుంచో జారి నా కాలి దగ్గర ఆగింది. దాన్నే చూస్తూ ఉన్నాను. ఇంట్లో పాతిక మంది ఉన్నారు.

"లేదు," అన్నాను.

"కాగితాలు?"

"పడవలో. తాళ్ళ కింద."

గుమ్మంలోంచి లేచి, మెట్లు దిగి, బురదలో ఒరిగి ఉన్న పడవ వైపు వెళ్ళింది. మైకె నోటు పుస్తకం తియ్యలేదు.

మిగతా కేకు జుల్మీర పంచింది. నా ముక్క నా చేతికివ్వలేదు. బల్ల అవతలి చివర పెట్టింది. చెక్క ముక్కలు పెట్టినా ఆ బల్ల ఎప్పుడూ పూర్తిగా సరికాలేదు. పళ్ళెం తనంతట తనే మెల్లగా జారుకుంటూ నా ముందుకొచ్చి ఆగింది. కిరీనోకి నవ్వొచ్చి, ఆపుకోలేక బయటికెళ్ళాడు.

మర్నాడు పొద్దున ఇవొనెత్ లేచి, నా పక్కనుంచే వెళ్ళి, డబ్బాలు తీసుకుంది. దీవించమని అడగలేదు. రెండో రోజూ అడగలేదు. చెమ్మకు అతుక్కుపోయిన కాగితాలను ఒక్కొక్కటే విడదీసి, పైకప్పు మీద పరిచి, రాళ్ళు పెట్టి ఆరబెట్టింది. పుట్టిన పత్రం మీద తాడు చుట్టలాగా గోధుమరంగు మరక పడింది. అక్షరాలు మాత్రం మిగిలాయి.

మూడో రోజు కాఫీ తాగుతుండగా అంది, "నేను నడిచి వెళ్తున్నాను. ఇంకో ఎనిమిది రోజుల్లో పేర్లు ఆపేస్తారు."

"మేం కూడా," అంది మైకె.

"పిచ్చి పట్టిందా మీకు?" అన్నాడు యోస్త్.

జుల్మీర నా వైపు చూసింది, ఏదైనా చెప్పి ఆపమన్నట్టు. ఇవొనెత్ కూడా నా వైపే తిరిగింది. మూడు రోజుల్లో మొదటిసారి నన్ను అడిగిన మాట అది.

"కాలువలో బురద ఇప్పుడు మనిషిని మోస్తుందా?"

నెల రోజుల ఎండకు పైన పగుళ్ళు వచ్చాయి. కింద ఎలా ఉందో ఎవరూ చూడలేదు. ఆ దూడ కళ్ళు గుర్తొచ్చాయి. "మొయ్యదు" అంటే ఆగిపోతుంది. "ఎందుకు మొయ్యదు, హాయిగా మోస్తుంది" అంటే మళ్ళీ పాత నేనే.

"తెలీదు," అన్నాను. ఆ మాట నా నోటికే కొత్తగా తగిలింది. "తెలీదు గానీ, ముందు నేను నడుస్తాను."

వాకిట్లోంచి రెండు పొడుగాటి పలకలు ఊడబీకాను. తెల్లవారుతూనే బయల్దేరాం. పలక ముందుకు వెయ్యడం, దాని మీద నడవడం, రెండోది ముందుకు వెయ్యడం, వెనకది లాక్కోవడం. కర్రతో పొడిచి చూస్తూ నేను, నా వెనక కాగితాల సంచి తలకు కట్టుకున్న ఇవొనెత్, తర్వాత మైకె, చివర యోస్త్. పడవలో రెండు గంటల దారి. మిగిలిన మడుగుల్లో మొసళ్ళు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి, నోరు తెరిచే ఓపిక కూడా లేదు వాటికి. తొక్కితే విషపు ముల్లు గుచ్చే తోకముల్లు చేపలు బురదలో కలిసిపోయి ఉంటాయి, అందుకని నేను కర్ర పొడిచిన చోటే కాలు పెట్టమన్నాను.

మధ్యాహ్నం అయ్యేసరికి యోస్త్ పలక జారి తొడలదాకా దిగిపోయాడు. అరిచేకొద్దీ దిగుతున్నాడు.

"బయటికి వస్తానా? చెప్పండి! వస్తానా?"

"తెలీదు నాయనా. కదలకు. పడుకో, పలక మీద పడుకో."

ముగ్గురం కలిసి లాగాం. నడుందాకా దిగి, ఒక చెప్పు బురదకిచ్చి, పైకొచ్చాడు. పలక మీద బోర్లా పడి చాలాసేపు ఆయాసపడ్డాడు. "నువ్వు 'వస్తావు' అని ఉంటే నేను చచ్చిపోయేవాణ్ణి," అన్నాడు. "నిన్ను నమ్మేవాణ్ణి కాదు, చెప్పిన మాటా వినేవాణ్ణి కాదు." మైకె అతని ముఖం మీద బురద తుడిచింది. ఇవొనెత్ తల మీద సంచి తడిమి చూసుకుంది.

ఎండ వాలేసరికి పెద్ద నది గట్టెక్కాం. పైనుంచి ప్రయాణికుల పడవ వస్తూ కనబడింది. యోస్త్ చొక్కా విప్పి ఊపాడు. పడవ వేగం తగ్గించి, వాళ్ళ ముగ్గుర్నీ ఎక్కించుకోవడానికి చిన్న పడవను దింపారు.

యోస్త్ నన్ను గట్టిగా కావలించుకుని, మావాళ్ళలాగే వీపు మీద మూడుసార్లు చరిచాడు. "వచ్చే ఏడు తప్పకుండా వస్తాం! మీరూ మా ఇంటికి రావాలి!"

"మేం మళ్ళీ రాం," అంది మైకె. చెయ్యి చాపింది. "కాలువ మూసుకుపోతుందని నీకు ముందే తెలుసు."

"తెలుసు."

"మోటారు?"

"మోటారు బాగానే ఉంది."

తల ఊపింది. నా చెయ్యి వెంటనే వదల్లేదు. "జుల్మీరకు చెప్పు, ఆమె కాఫీ బాగుంటుంది. చక్కెర మరీ ఎక్కువ."

నెల రోజులు నా ఇంట్లో ఉండి, ఆమె అన్న ఒక్క మంచి మాట అది. నిజమని తెలుసు గనక ఇప్పటికీ గుర్తుంది. యోస్త్ అన్నవి చాలా మంచి మాటలు. ఒక్కటీ గుర్తులేదు.

ఇవొనెత్ చిన్న పడవలో ఒక కాలు పెట్టి ఆగింది. "అమ్మ చేతులతో ఏం చేస్తారు? నీళ్ళెవరు మోస్తారు? మీ ఇద్దరికీ గడుస్తుందా?"

"గడుస్తుందిలే తల్లీ, దిగులుపడకు" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగడానికి కాస్త సమయం పట్టింది. పడవవాడు విసుక్కున్నాడు.

"కష్టమే," అన్నాను. "చాలా కష్టమే. అయినా వెళ్ళు."

నా ముఖంలోకి చూసింది, ఈసారి లోపల ఇంకేదైనా ఉందా అని వెతుకుతున్నట్టు. రెండో కాలు కూడా పెట్టి కూర్చుంది. పడవ కదిలాక, బురద చెయ్యి నా వైపు చాపింది.

"దీవించు నాన్నా."

"దేవుడు నిన్ను దీవించాలి తల్లీ."

తిరిగి వస్తూ రెండు పలకల్లో ఒకటి బురదకు వదిలేశాను. జుల్మీర గుమ్మంలోనే కూర్చుని ఉంది.

"ఎక్కిందా?"

"ఎక్కింది."

"పేరు రాసుకుంటారంటావా?"

"తెలీదు."

"క్రిస్మస్‌కి వస్తుందా?"

"తెలీదు."

జుల్మీర లేచొచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది, జ్వరమేమోనని.

నీళ్ళు మోశాను. తురుము పీట పట్టుకుని వేళ్ళు కోసుకున్నాను. డిసెంబరు మధ్యలో ఒక పొద్దున మెలకువ వచ్చేసరికి ఒళ్ళు ఊగుతోంది. ఇల్లు లేచింది. జుల్మీర కాఫీ కప్పు బల్ల మీద పెట్టింది, అది జారుకుంటూ తూర్పు వైపుకు పోయింది. ఇల్లు సరి అయ్యేసరికి, బల్ల కింద నేను పెట్టిన చెక్క ముక్కలే దాన్ని వంకర చేస్తున్నాయి. ఇద్దరం కింద కూర్చుని ఒక్కొక్కటే లాగేశాం.

పేరు రాసుకున్నారు. చివరి రోజుకు రెండు రోజుల ముందు. తర్వాత సంగతి నీకు తెలుసు. మీ అమ్మ సూదివేస్తే ఎవరికీ నొప్పెట్టదని ఈ నది పొడుగునా అంటారు.

నువ్వు అడగబోయేది కూడా నాకు తెలుసు. మరుసటేడు మొదటి ముక్క ఎవరికిచ్చిందని. ఆ పుట్టినరోజు పట్నంలో, తోటి పిల్లలతో చేసుకుంది. నేనక్కడ లేను. అడగలేదు కూడా. అడిగితే, "నీకే దాచాను నాన్నా," అనేది. ఎంతైనా నా కూతురు కదా.